విడుదల కాని ఆటలో మా పెద్దమ్మ ఏడుపు

నేను వీడియో గేములకు శబ్దాలు తయారుచేసేదాన్ని. గాలి, వాన, పడవ ఇంజను, గొళ్ళెం తీసిన చప్పుడు, చెప్పుల కింద ఇసుక నలిగే చప్పుడు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రికార్డు చేసి, కోసి, అతికిస్తేనే ఆటలోకి వస్తాయి. హైదరాబాదులో ఉన్న ఒక చిన్న కంపెనీ కోసం ఆ పనిని అండమాన్‌లో, గరాచర్మలోని మా ఇంటి నుంచే చేశాను. సముద్రం అడుగున కేబుల్ వేశాకే మా దీవుల్లో ఇంటర్నెట్ మనుషుల్లో పడింది. అంతకుముందు చిన్న ఫైలు పంపాలన్నా, మొదలుపెట్టి, వంట చేసుకుని, తిని, గిన్నెలు తోముకుని వచ్చి చూస్తే సగంలో ఆగిపోయి ఉండేది. ఇలాంటి ఉద్యోగం ఇక్కడ కూర్చుని చేయవచ్చని నా చిన్నప్పుడు ఎవరైనా చెబితే మా నాన్న నవ్వి ఊరుకునేవాడు.

మేము తయారుచేస్తున్న ఆటలో ఒక పడవ ఉంటుంది. ఆడేవాళ్ళు దాన్ని నడుపుకుంటూ దీవి నుంచి దీవికి వెళ్ళాలి. ఒకచోట జోరువాన పడుతుంది. ఎదర ఏమీ కనిపించదు. ఒడ్డు మీద ఒక ముసలామె నిలబడి పిలుస్తూ ఉంటుంది. ఆ గొంతు దగ్గరవుతుంటే దారి సరైనదన్నమాట, దూరమవుతుంటే రాళ్ళ మీదికి పోతున్నట్టు. ఆ ఆలోచన నాదే. చాతం జెట్టీలో నిలబడితే, మంచి వాన కురిసేటప్పుడు అవతలి ఒడ్డు కనిపించదు. వస్తున్న ఫెర్రీ కూడా కనిపించదు. హారన్ మాత్రం ముందు వినిపిస్తుంది, జనం గొడుగులు ముడిచి సామాను చేత పట్టుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూసిందే ఆటలో పెట్టాను.

చివరికి ఆ ముసలామె మాటలు ఒక నటి చేత చెప్పించాలని కంపెనీలో అనుకున్నాం. అంతవరకూ ఆ ఖాళీలో పెట్టడానికి ఎవరిదో ఒక గొంతు కావాలి. మా పెద్దమ్మను అడిగాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడి ప్రభుత్వ బడిలో ఆయాగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. మా వెనక సందులో ఉంటుంది. పెదనాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేసేవాడు. ఒక ట్రిప్పులో, ఓడ మీదే, గుండె ఆగి పోయాడు. ఇంటికి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇంటినిండా జనం. పెద్దమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు సరిపోయాయా, టీ అందిందా అని చూసుకుంటూ తిరిగింది. ఏడవని మనిషి గట్టి మనిషని అప్పుడు అందరూ అన్నారు.

రికార్డింగు ఆమె పడకగదిలోనే పెట్టుకున్నాం. కిటికీలకు దుప్పట్లు కట్టి ఫ్యాను ఆపేశాను. ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

"గుంటా, ఇది ఆన్‌లో ఉన్నాదేటి?" అంది మైకును అనుమానంగా చూస్తూ.

"ఉంది పెద్దమ్మా. నువ్వు మాట్లాడు."

"ఎవలితోటి మాటాడాల?"

"పడవలో ఉన్నవాళ్ళతో. వానలో వాళ్ళకి దారి తెలీడం లేదు. నువ్వు ఒడ్డు మీద నిలబడి పిలుస్తున్నావు."

"ఠీక్ హై. పడవలో ఎవలున్నారు?"

"ఎవరైనా అనుకో."

ఆమె గొంతు సవరించుకుని పిలవడం మొదలుపెట్టింది. "ఇటు రా. లైటు ఈపు రా. అటు రాయి ఉన్నాది, జాగర్త. ఇటూ." నేను రాసిచ్చినవి అవే. బాగా పలికింది. బడి మైదానంలో పిల్లల్ని పిలిచిన గొంతు కదా, దూరానికి వినిపించేలా పిలవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత నేను రాయనివి వచ్చాయి.

"ఒచ్చీ. ఇంటికొచ్చీ. టిఫిన్ తినకుండా ఎల్లిపోనావు. ఇడ్లీలు డబ్బాలో పెట్టినాను. డబ్బా గడపకాడే మర్సిపోనావు. ఒచ్చి తినేసి ఎల్లు. బస్, తినేసి ఎల్లు."

ఆ తర్వాత ఏడ్చింది. అన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో తెలియదు. ఊపిరి అందక మధ్యలో ఒక కూత లాంటిది వచ్చేది, మళ్ళీ మొదలయ్యేది. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మిషను ఆపడం కూడా తోచలేదు. కాసేపటికి ఆమే కొంగుతో ముఖం తుడుచుకుని, ఫ్యాను వేసి, టీ పెడతానని లేచింది. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

నేను రాసిచ్చిన పిలుపులు మాత్రమే కోసి ఆటలో పెట్టాను. ఏడుపు జోలికి పోలేదు. అయితే రికార్డు చేసినదంతా, కోయకముందుది కూడా, ఆఫీసులోని ఉమ్మడి ఫోల్డరుకు వెళ్ళాలని కంపెనీ నియమం. అది దానంతటదే వెళ్ళిపోతుంది. ఆట తయారవుతూ ఉండగా పరీక్ష కోసం మధ్యమధ్యలో కట్టే నమూనాను మా పనిలో బిల్డ్ అంటారు. బిల్డులో ఇల్లు కట్టే చోటులాగా అన్నీ పడి ఉంటాయి, వాడేవీ వాడనివీ. బయటివాళ్ళు చూడరు కాబట్టి ఎవరూ ఊడ్చరు.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం టౌనుకు వెళ్ళే బస్సు ఎక్కాను. బస్సు నిండుగా ఉంది. నా ముందు సీట్లో కాలేజీ అమ్మాయిలిద్దరు ఒకే ఫోనులోకి తలలు పెట్టి రీల్స్ చూస్తున్నారు. ఫోను చప్పుడు బస్సంతా వినిపిస్తోంది, ఎవరికీ పట్టలేదు, అది మామూలే. అందులోంచి మా పెద్దమ్మ గొంతు వచ్చింది.

"టిఫిన్ తినకుండా ఎల్లిపోనావు."

వెంటనే డప్పు. ఎవరో ఆ మాటకు డప్పు దరువు కలిపారు. తర్వాత ఆ ఏడుపు, మధ్యలో వచ్చే ఆ కూతతో సహా, తాళానికి సరిపోయేలా ముక్కలు చేసి పదేపదే వేశారు. తెర మీద ఒక పెళ్ళిభోజనాల పందిట్లోంచి లావుపాటి ఆయన ఎవరో విస్తరి ముందునుంచి లేచి పరిగెడుతున్నాడు. అమ్మాయిలు నవ్వి ఇంకోసారి పెట్టారు. కండక్టరు వంగి చూసి, "యే వాలా మస్త్ హై," అని తనూ నవ్వాడు. ఒక అమ్మాయి ఆ ఏడుపును నోటితో అనుకరించింది. ఆ కూత అచ్చంగా తీసింది.

నాకు కోపం తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది రోత. తింటున్న అన్నంలో వెంట్రుక తగిలినప్పుడు కలిగేలాంటిది. ఆ అమ్మాయిలను ఏమీ అనలేదు. ఏమనాలి? అది మా పెద్దమ్మ అంటే ఇంకా ఆసక్తిగా చూసేవాళ్ళు. మధ్యలోనే దిగిపోయి, రోడ్డు పక్కన డ్రెయిన్ దగ్గర నిలబడి వాంతి చేసుకున్నాను.

ఇంటికి నడిచి వచ్చి వెతికాను. మా ఆట బిల్డ్ బయటికి పొక్కింది. ఇలాంటివి పోగుచేసే గుంపులు ఉన్నాయని నాకు తెలుసు. విడుదల కాని ఆటల నమూనాలు ఎక్కడ దొరుకుతాయా అని కాచుకుని ఉంటారు. దొరికాక ఆడి ఊరుకోరు. లోపలి ఫైళ్ళన్నీ విప్పి, పనికిరాక వదిలేసిన బొమ్మలూ మాటలూ బయటికి లాగి జాబితాలు వేస్తారు. వాళ్ళకు ఆటలో ఎక్కడా వినిపించని ఒక గొంతు దొరికింది. ఆటలో దాచిన దెయ్యం అన్నారు మొదట. తెలుగు తెలిసినవాళ్ళెవరో మాటలు విడమరిచి చెప్పాక అది ఇడ్లీల దెయ్యమైంది. కింద జనం రాసినవి చదివాను. ఏం యాస ఇది అని ఒకడు. అతి నటన అని ఒకడు. ఇడ్లీకే ఇంత ఏడిస్తే బిర్యానీకి ఏం చేస్తుందో అని ఇంకొకడు, దాని కింద వందలమంది పెట్టిన, పళ్ళికిలిస్తున్న బొమ్మలు.

కంపెనీ యజమానికి ఫోను చేశాను. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. అందరం అతన్ని అన్నా అని పిలిచేవాళ్ళం, అతనే అలా పిలవమన్నాడు.

"నేనూ షాక్‌లో ఉన్నానమ్మా," అన్నాడు. "ఎవడో హ్యాక్ చేశాడు. పొద్దున్నించి అదే పనిలో ఉన్నాం. సైబర్ క్రైమ్‌లో కంప్లైంట్ ఇస్తున్నాం."

"ఆ ఏడుపు మా పెద్దమ్మది అన్నా. అది ఆట కోసం చేసింది కాదు."

"తెలుసమ్మా. నాకు ఎంత బాధగా ఉందో నీకు చెప్పలేను. కొన్నాళ్ళు ఏమీ మాట్లాడకు, ఎక్కడా ఏమీ రాయకు. లీగల్‌గా మనకి ఇబ్బంది అవుతుంది."

నమ్మాను. నమ్మకపోవడానికి కారణం కనిపించలేదు. అతని గొంతులో అలసట నిజంగానే ఉన్నట్టు అనిపించింది.

పెద్దమ్మకు ఎలా చెప్పాలా అని నేను కొట్టుమిట్టాడుతూ ఉండగానే ఆమెకు తెలిసిపోయింది. పక్కింట్లో రాంచీ కుటుంబం ఒకటి ఉంటుంది. ఆ ఇంటావిడ సంతోషంగా ఫోను పట్టుకొచ్చి, "దీదీ, ఆప్ తో ఫేమస్ హో గయీ," అని చూపించిందట. ఆమెకు తెలుగు రాదు. ఏడుపును కూడా పాటలో భాగం అనుకుంది పాపం. పెద్దమ్మ పూర్తిగా చూసి, ఆవిడకు టీ ఇచ్చి పంపేసి, నన్ను పిలిచింది.

వెళ్ళేసరికి గడప మీద కూర్చుని చేపలు తోముతోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"ఇది నువ్వు ఇచ్చినావేటి?"

"లేదు పెద్దమ్మా. ఆఫీసులోంచి ఎవరో దొంగిలించారు."

"ఎంతమంది ఇన్నారు?"

"తెలీదు. చాలామంది."

"నాను పేరెట్టి పిలిసినానేటి అందులో? ఆయన పేరు?"

"లేదు. పేరు ఎక్కడా లేదు."

ఆమె ముఖం కొంచెం తేలికపడింది. ఆయన బతికి ఉండగా ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. తెలియకుండా ఏడుపులో ఆ పేరు నోటి వెంట జారి, అది వీధులపాలైందేమోనని ఆమె భయం. మిగతాది ఆమెకు ఎలా ఉందో అడగలేకపోయాను. చేపలు కడిగి, ఉప్పూ పసుపూ రాసి లోపల పెట్టి వచ్చి, "నా ఏడుపుకి డప్పు కొట్టినారు గుంటా," అంది. అంతే అంది. ఆ మరునాటి నుంచి ఆమె మార్కెట్టుకు వెళ్ళడం మానేసింది. కావలసినవి నేను తెచ్చి ఇచ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే నాకు ఒకాయన నుంచి మెయిల్ వచ్చింది. బిల్డులో తయారుచేసినవాళ్ళ పేర్లు ఉన్నాయి, అందులో నాది చూసి వెతికి పట్టుకున్నాడు. బెంగళూరులో ఉద్యోగమట, తెలుగాయనే. విడుదల కాని ఆటలు సేకరించడం అభిరుచి. మా ఆటను గుంపులో పెట్టింది తనేనని మొహమాటం లేకుండా రాశాడు. కుటుంబంతో అండమాన్ వస్తున్నానని, వీలుంటే కలవాలని ఉందని అడిగాడు. నాకు ఆయన్ను చూడాలని లేదు. కానీ పెట్టినవాడే తీయగలడన్న ఆశతో సరేనన్నాను.

వండూర్ జెట్టీ దగ్గర టీ కొట్టులో కలుద్దామన్నాడు. భార్యా కూతురూ మెరైన్ పార్కు బోటులో దీవికి వెళ్ళారు. బోటెక్కితే తనకు కడుపులో తిప్పుతుందని వెళ్ళలేదట. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. లేచి నమస్కారం పెట్టి, నాకోసం కుర్చీ తుడిచాడు. నేను ఒక దొంగను ఊహించుకుని వెళ్ళాను. అలా లేడు. అదే ఇంకా వెగటు పుట్టించింది.

లాప్‌టాప్ తెరిచి మా ఆట పెట్టాడు. నా ఆటను అతని బల్ల మీద చూడడం ఎలాగో ఉంది. ఇళ్ళు ఇంకా బూడిదరంగు డబ్బాలు. పడవకు రంగు లేదు. సముద్రం ఒకచోట కోసేసినట్టు ఆగిపోయి, ఆ తర్వాత ఏమీ లేదు. బట్టలు మార్చుకుంటున్న మనిషిని తలుపు సందులోంచి చూస్తున్నట్టు అనిపించింది.

"ఇదేనండీ నాకు ఇష్టం," అన్నాడు. "పూర్తయిన ఆట ఎవరికైనా దొరుకుతుంది. పూర్తికాని దాంట్లోనే తయారుచేసినవాళ్ళ చెయ్యి కనిపిస్తుంది. మేం ఇవి దాచకపోతే కంపెనీలు పారేస్తాయండీ. తర్వాతివాళ్ళకి ఏమీ మిగలదు."

"మీరు దాచింది మా పెద్దమ్మ ఏడుపు."

"అవునండీ," అన్నాడు, నేను మెచ్చుకున్నట్టు. "ఈ మధ్య అంత నిజమైన నటన వినలేదు."

"అది నటన కాదు. ఆమె భర్త పోయాడు. ఆయన కోసం ఏడ్చింది. అది ఆటలోది కాదు."

అతను లాప్‌టాప్ మీంచి చెయ్యి తీశాడు. నిజంగానే కంగారుపడ్డాడు. "మీ సార్ అలా చెప్పలేదండీ."

"ఏ సార్?"

"మీ కంపెనీ సార్. బిల్డ్ నాకు ఇచ్చింది ఆయనే కదా. మీకు తెలుసనుకున్నాను. మా గుంపులో మెల్లగా వదలండి, నా పేరు రాకూడదు అన్నారు. లోపల ఫలానా చోట ఒక గొంతు ఉంటుంది, అది తప్పకుండా వినండి, ఒళ్ళు జలదరిస్తుంది అని కూడా ఆయనే చెప్పారు."

టీ కొట్టులో ఈగలు ముసురుతున్న చక్కెర డబ్బా ఒకటి ఉంది. చాలాసేపు దాన్నే చూశాను. అతను ఏదో చెబుతూనే ఉన్నాడు. తనకు తెలియదని, తెలిస్తే పెట్టేవాణ్ణి కాదని, తన దగ్గరున్నది తీసేస్తానని, అయితే ఇప్పటికే వేరేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళినదాన్ని ఏమీ చేయలేనని. నేను లేచాను. అతను కూడా లేచాడు. కాస్త తటపటాయించి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకన్నా ముందు బిల్డ్ ఏదైనా మీ దగ్గర ఉందా అండీ? బయటపెట్టనులెండి. నా దగ్గరే ఉంచుకుంటాను."

జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఇప్పటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

జెట్టీ గోడ పక్కన నిలబడి యజమానికి ఫోను చేశాను. విన్నదంతా చెప్పాను. కాదనలేదు. అతని గొంతులో ముందటి అలసట లేదు.

"చూడమ్మా, మన ఆటని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. నా ఒక్కడి కోసం చేశానా? టీమ్ కోసం చేశాను."

"హ్యాక్ చేశారన్నావు."

"అనాల్సి వచ్చింది. నువ్వు సెన్సిటివ్ అని నాకు తెలుసు."

"ఆ ఫైలు నువ్వు మొత్తం విన్నావా?"

"విన్నాను. నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. అందుకే కదా వినమని చెప్పింది."

ఏడ్పించింది కాబట్టి అమ్మకానికి పనికొస్తుందని అతను తేల్చుకున్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధమైతే నాకు ఇంత అసహ్యం కలిగేది కాదేమో. అవి నిజమైనవే అయి ఉంటాయి. కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే పంపించాడు.

ఇక పనిచేయనని చెప్పాను. అతను ఆ మాట పట్టించుకోకుండా తన ధోరణిలో పోయాడు. "ఫైనల్ ఆటలో కూడా ఆవిడ గొంతే ఉంచుదాం. నటి అక్కర్లేదు. ఆ టిఫిన్ డైలాగు కూడా పెడదాం, జనం దానికోసమే ఆడతారు."

"కుదరదు."

"చెప్పాల్సింది నువ్వు కాదు కదమ్మా. ఆవిడ చెప్పాలి. నేనే మాట్లాడతాను."

మాట్లాడడనుకున్నాను. రెండ్రోజులకు నిజంగానే పెద్దమ్మకు వీడియో కాల్ చేశాడు. ఎప్పుడో అత్యవసరానికని నేనే ఆఫీసులో ఇచ్చిన నంబరు అది. ఆ సమయానికి నేను అక్కడే, ఆమెకు కూరగాయలు ఇవ్వడానికి వెళ్ళి ఉన్నాను. లాక్కోబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఫోనును పచ్చడి సీసాకు ఆనించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మగారూ, నమస్కారం. మీ గొంతు ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో వింటున్నారు. మీరు మాకు అమ్మలాంటివారు," అన్నాడు అతను. చేతులు జోడించాడు కూడా.

పెద్దమ్మ అతన్ని పరీక్షగా చూసింది.

"బాబూ, మీ ఇంట్లో ఎవలైనా సచ్చిపోనారా?"

అతను తడబడ్డాడు. "అంటే... మా నాన్నగారు అమ్మా. పోయిన ఏడాదికి ముందటేడాది."

"అయ్యో. నువ్వు ఏడిసినావేటి?"

"ఏడ్చానమ్మా."

"అలగైతే అది నాకు పంపించు బేటా. నువ్వు ఏడిసింది. ఇక్కడ గరాచర్మ బస్సులో ఎయ్యిస్తాను. పిల్లలు నవ్వుకుంటారు."

ఆమె గొంతు పెంచలేదు. ఎత్తిపొడుస్తున్నట్టు కూడా లేదు. ఎదురుగా ఉన్నవాడు పంపుతాడా లేదా తెలుసుకోవాలన్నట్టు చూస్తూ కూర్చుంది. అతను "హలో, అమ్మగారూ, వినిపించడం లేదు, మీ దగ్గర నెట్‌వర్క్..." అంటూ పెట్టేశాడు. మా నెట్‌వర్క్ ఆ రోజు బాగానే ఉంది.

పెద్దమ్మ ఫోను నాకు ఇచ్చేసింది. "ఈడి మొకం ఇంకోసారి నాకు సూపించకు," అంది.

మాకు తెలిసిన ఒక లాయరు చేత నోటీసు పంపించాను. దాంతో ఆటలోంచి ఆమె గొంతు తీసేశారు, పిలుపులతో సహా. ఆట తర్వాత విడుదలైంది. వేరే నటి ఎవరో చెప్పిందని విన్నాను. నేను ఆడలేదు. ఒక ఇంటర్వ్యూలో యజమాని, బిల్డ్ లీకైన రోజులు తన జీవితంలో చాలా కష్టమైన రోజులని చెప్పాడు. నిజం నాకు తెలుసని అతనికి తెలుసు. అయినా చెప్పాడు. అది చూస్తుంటే, మురుగు కాలవలో పడిన వాడు ఒళ్ళంతా అత్తరు చల్లుకుని పక్కన వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

రీల్స్ మాత్రం ఆగలేదు. తీసేయమని ఒక్కొక్క చోటికీ రాసేదాన్ని. కొన్ని తీసేశారు, వాటి స్థానంలో ఇంకొన్ని వచ్చాయి. ఎవరో ఆ మాటను బనియన్ల మీద అచ్చు వేశారు. టౌనులో ఒక కుర్రాడి వీపు మీద చూశాను. కొన్నాళ్ళకు జనానికి వేరే నవ్వు దొరికింది, దీన్ని మరిచిపోయారు. మరిచిపోయారని సంతోషించాలో, అంత తేలిగ్గా వాడి పారేసినందుకు మళ్ళీ రోతపడాలో నాకు తెలియలేదు.

శబ్దాల పని వదిలేశాను. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటరువాళ్ళ పాఠాల వీడియోలు సరిచేస్తుంటాను. లెక్కల మాస్టారు దగ్గితే ఆ దగ్గు కోసి, నిజంగా పారేస్తాను.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. భోజనం చేసి, నా కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఆ రోజుది నీకాడ ఉన్నాదేటి? మొత్తం?"

"ఉంది."

"ఎయ్యి."

వేశాను. మైకు ఆన్‌లో ఉందా అన్న దగ్గరనుంచి, ఫ్యాను స్విచ్ టక్కుమన్న దాకా కదలకుండా విన్నది. డప్పు లేకుండా ఆమె తన గొంతును వినడం అదే మొదటిసారి. ఏడుపు వచ్చినచోట కళ్ళు మూసుకుంది, కానీ ఏడవలేదు.

"నాను బాగానే పిలిసినాను కదా," అంది అయిపోయాక.

"బాగా పిలిచావు."

"తీసెయ్. ఇంక ఇది నీకాడ ఉండకూడదు."

ఆమె చూస్తుండగానే తీసేశాను. మళ్ళీ రాదు కదా అని రెండుసార్లు అడిగింది. రాదన్నాను. నా దగ్గర రాదు, అది నిజమే. ఎవరెవరి పెట్టెల్లో, ఎక్కడెక్కడ ఉందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. సాయంత్రం ఎండ తగ్గాక మార్కెట్టుకు వస్తానని, చేపలు నాకు ఎంచడం రాదని, ఇన్నాళ్ళూ నేను తెచ్చినవన్నీ ముందురోజువేనని చెప్పి చాప వేసుకుని పడుకుంది.